కార్ల్ ఫిషర్ – అతని ఇటుకల బాట

సావనీర్‌కి ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం తమ్ముళ్ళు అడిగినప్పుడు, పాత విద్యార్థిని కదా, హాస్టల్ మెస్సు గురించీ, మా మాస్టార్ల గురించీ నాలుగు ముక్కలు రాసి తప్పించుకుందామనుకున్నాను. కానీ ఆ పని ప్రతి యేడూ ఎవరో ఒకరు చేస్తూనే వున్నారు. ఆ సాంబారు మీద కొత్తగా రాయడానికి ఇంకేమీ మిగల్లేదు. అందుకని, కొన్నేళ్ళుగా నా బుర్రలో తిరుగుతున్న ఒక మనిషి కథ చెబుతాను. అతను మన దేశం వాడు కాడు. మన కాలేజీ లాంటి కాలేజీ గడప తొక్కినవాడు అంతకన్నా కాడు. పన్నెండో యేట బడి మానేశాడు. అయినా సివిల్ ఇంజనీరింగ్ చదివేవాళ్ళు ఒకసారి తెలుసుకోవలసిన మనిషే.

2018 వేసవిలో మా అమ్మాయిని చూడ్డానికి షికాగో వెళ్ళాను. మా అల్లుడికి కార్ల పిచ్చి. ఒక శనివారం పొద్దున్నే కారెక్కించి, మూడు గంటలు దక్షిణంగా తీసుకుపోయి, ఇండియానాపొలిస్ మోటార్ స్పీడ్‌వే అనే పందెాల మైదానం ముందు దింపాడు. లోపల ఒక మ్యూజియం వుంది. టిక్కెట్టు కొంటే బస్సులో ఆ బాట చుట్టూ ఒకసారి తిప్పుతారు. రెండున్నర మైళ్ళ బాట. అంతా నల్లటి తారు. పందెం మొదలయ్యే గీత దగ్గర మాత్రం ఒక గజం వెడల్పున పాత ఇటుకలు అడ్డంగా పరిచి వున్నాయి. బస్సు దిగినవాళ్ళంతా ఆ ఇటుకల మీద మోకాళ్ళేసి ముద్దు పెట్టుకుంటున్నారు. 1996లో డేల్ జారెట్ అనే ఆయన అక్కడ ఒక పందెం గెలిచి, తన మనుషులతో కలిసి అలా చేశాడట. అప్పటినుంచీ అది ఆచారమైపోయింది. గుడికి వెళితే ద్వారబంధానికి దణ్ణం పెట్టుకోమా, అలాంటిదే.

నాకు ముద్దు సంగతి పట్టలేదు. ముప్పై ఆరేళ్ళు రోడ్లేసినవాణ్ణి. ఇటుకకీ ఇటుకకీ మధ్య మోర్టారు ఎలా నింపారా అని వంగి వేలితో తడిమి చూశాను. ఇవి ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేస్తే దొరికినవాడు కార్ల్ గ్రాహం ఫిషర్.

అతను 1874 జనవరి 12న ఇండియానా రాష్ట్రంలో గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న వూళ్ళో పుట్టాడు. తండ్రి లాయరే గానీ తాగుబోతు. తల్లి భర్తను వదిలేసి పిల్లల్ని తీసుకుని ఇండియానాపొలిస్ చేరింది. కుర్రాడికి చదువు అబ్బలేదు. అబ్బకపోవడానికి కారణం బద్ధకం కాదు, కళ్ళు. ఆస్టిగ్మాటిజం చాలా తీవ్రంగా వుండేది. బోర్డు మీద రాసింది అలుక్కుపోయినట్టు కనబడేది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకూ తెలీదు, పంతుళ్ళకూ తెలీదు. ముప్పై యేళ్ళు దాటాక గానీ ఆ జబ్బు పేరు అతనికి తెలియలేదు. ఈలోగా బడి మానేసి కిరాణా కొట్లో పనిచేశాడు. రైళ్ళలో పేపర్లూ, పుస్తకాలూ, పొగాకూ, మిఠాయిలూ అమ్మాడు. ఆ రైలు బేరాల్లోనే జనం జేబులో డబ్బు ఎలా బయటికి రప్పించాలో నేర్చుకుని వుంటాడని నా అనుమానం.

పదిహేడేళ్ళకు, 1891లో, అన్నదమ్ములు ముగ్గురూ కలిసి సైకిల్ రిపేరు షాపు పెట్టారు. అమెరికాలో అది సైకిళ్ళ వెర్రి ముదిరిన కాలం. ఫిషర్ పందేల్లో తొక్కేవాడు, పడేవాడు, లేచి మళ్ళీ తొక్కేవాడు. కళ్ళు సరిగా కనబడనివాడు అంత జోరుగా తొక్కితే పడక ఏం చేస్తాడు? స్నేహితులు కుంటోడని ముద్దుపేరు పెట్టారు. షాపుకి జనం రావాలని రెండు ఎత్తయిన భవనాల మధ్య తాడు కట్టించి దానిమీద సైకిల్ తొక్కాడు. తర్వాత మోటారు కార్లు వచ్చాయి. ఆ వూళ్ళో కార్లు అమ్మే షాపు మొదట పెట్టినవాళ్ళలో అతనొకడు. 1908లో ఒక కారుని పెద్ద గాలిబుడగకి కట్టించి, తాను అందులో కూర్చుని ఇండియానాపొలిస్ ఆకాశంలో ఎగిరాడు. వూరవతల దిగి, అదే కారుని నడుపుకుంటూ తిరిగొచ్చాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. అసలు సంగతేమిటంటే, బరువు తగ్గించడానికి ఎగిరిన కారులోంచి ఇంజను ముందే పీకేశారు. తిరిగొచ్చింది అచ్చు అలాంటిదే ఇంకో కారు. దాన్ని తమ్ముడు ముందే తీసుకెళ్ళి అక్కడ సిద్ధంగా వుంచాడు. ఈ కథ చదివినప్పుడు నేను చాలాసేపు నవ్వుకున్నాను. కానీ ఈ స్వభావాన్ని గుర్తుపెట్టుకోవాలి. తర్వాత పనికొస్తుంది.

డబ్బు వచ్చింది మాత్రం దీపాలవల్ల. ఆ రోజుల్లో కార్లకు సరైన దీపాలు లేవు. 1904లో ఎసిటిలీన్ గ్యాసుని సిలిండర్లో నింపి కారు దీపాలు వెలిగించే పద్ధతి మీద హక్కుల్లో వాటా అతని చేతికొచ్చింది. జేమ్స్ ఆలిసన్ అనే స్నేహితుణ్ణి కలుపుకుని ప్రెస్ట్-ఓ-లైట్ అనే కంపెనీ నడిపాడు. ఎసిటిలీన్ మహా ప్రమాదకరమైన గ్యాసు. ఫ్యాక్టరీలో పేలుళ్ళు జరిగాయి, పనివాళ్ళకు దెబ్బలు తగిలాయి, వూరివాళ్ళు గోల చేశారు. చివరికి ఆ ఫ్యాక్టరీని వూరవతల, స్పీడ్‌వే పక్కకి మార్చారు. తర్వాత ఆ కంపెనీని భారీ సొమ్ముకు కొన్నది యూనియన్ కార్బైడ్. 1984 డిసెంబరు గుర్తున్నవాళ్ళకు ఆ పేరు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు స్పీడ్‌వే సంగతి. 1905లో ఫిషర్ కారు పందేలకోసం ఫ్రాన్సు వెళ్ళాడు. అక్కడి కార్ల ముందు అమెరికా కార్లు ఎందుకూ కొరగానివిగా కనబడ్డాయి. కారణం ఆలోచించాడు. ఇండియానాపొలిస్‌లో మార్మన్, నేషనల్ లాంటి కార్ల కంపెనీలు వున్నాయి గానీ, తయారుచేసిన బండిని పూర్తి జోరుతో పరీక్షించుకోవడానికి వాళ్ళకు చోటు లేదు. రోడ్లన్నీ మట్టి, బురద. గుర్రపు పందేల మైదానాల్లో కార్లు తిప్పితే దుమ్ములో దారే కనబడదు. ఇంగ్లండులో 1907లో బ్రూక్‌లాండ్స్ అనే చోట మూలలు ఏటవాలుగా ఎత్తి కట్టిన కాంక్రీటు బాట తయారైంది. దాన్ని కూడా చూసొచ్చాడు. ఇక ఆగలేదు.

1908 చివర్లో ఆలిసన్‌ని వెంటబెట్టుకుని వూరికి వాయవ్యంగా వున్న పొలాలు చూశాడు. 328 ఎకరాలు, 72,000 డాలర్లు. ఆర్థర్ న్యూబీ, ఫ్రాంక్ వీలర్ అనే మరో ఇద్దరు వ్యాపారుల్ని కలుపుకుని, 1909 మార్చిలో రెండున్నర లక్షల డాలర్ల మూలధనంతో కంపెనీ రిజిస్టరు చేశారు. మొదట మూడు మైళ్ళ బాట అనుకున్నారు. అంత బాట వేస్తే జనం కూర్చునే స్టాండ్లకు చోటుండదని ఇంజనీరు ఆండ్రూస్ చెప్పడంతో రెండున్నర మైళ్ళకు కుదించారు. మార్చిలో పని మొదలు. 500 మంది కూలీలు, 300 కంచరగాడిదలు, ఆవిరి యంత్రాలు. ఆగస్టులో పందెం.

మార్చిలో మొదలు, ఆగస్టులో పందెం! ఇక్కడ కాస్త ఆగుదాం. మన సివిల్ వాళ్ళు ఈ వివరం శ్రద్ధగా చదవాలి. నేలను చదును చేసి, రెండంగుళాల వాగు గులకరాళ్ళు పరిచారు. దానిమీద రెండంగుళాల సున్నపురాయి కంకర, దానిమీద తారూ నూనే కలిపిన ద్రావకం పోశారు. మళ్ళీ ఒకటి రెండంగుళాల చిప్స్, మళ్ళీ అదే ద్రావకం. చివర పైపొరగా పొడి కంకర. గుర్రపుబళ్ళకీ, మెల్లగా పోయే కార్లకీ అయితే నిక్షేపంగా సరిపోయే రోడ్డు. కానీ గంటకు డెబ్భై, ఎనభై మైళ్ళ వేగంతో, సన్నటి టైర్లతో, బరువైన బళ్ళు మూలల్లో పక్కకి తోసుకుంటూ పోతే? చక్రం ముందుకు పోవాలంటే నేలని వెనక్కి తన్నాలి. పట్టులేని కంకర ఆ తన్నుకి నిలవదు, లేచిపోతుంది. లేచినచోట గుంత పడుతుంది. తర్వాతి చక్రం ఆ గుంత అంచుని పగలగొడుతుంది. రెండు గంటల్లో బాటంతా చాళ్ళు దున్నినట్టయిపోతుంది. ఎండ ముదిరితే తారు మెత్తబడి సంగతి ఇంకా చెడుతుంది.

జూన్ 5న బెలూన్ల పందెంతో మైదానం తెరిచారు. బెలూన్లకు రోడ్డుతో పనిలేదు కాబట్టి అంతా బాగానే జరిగింది. ఫిషర్ కూడా ఒక బెలూన్లో ఎగిరాడు. ఆగస్టు 14న మోటారు సైకిళ్ళ పందేలు. పదిహేను జరగాల్సి వుండగా ఏడింటితో ఆపేశారు. ఈ కంకర మీద తిరగలేమని నడిపేవాళ్ళే భయపడ్డారు. అది మొదటి హెచ్చరిక. అయిదు రోజులకే కార్ల పందేలు ప్రకటించి వున్నాయి. టిక్కెట్లు అమ్ముడయ్యాయి. ఆపలేదు.

ఆగస్టు 19, మొదటి రోజు. సగం పందేలయ్యేసరికి నడిపేవాళ్ళ ఒళ్ళంతా తారూ, నూనే, దుమ్మూ. ముందు కారు చక్రాలు విసిరిన రాళ్ళు వెనకవాడి మొహాన వడగళ్ళలా పడుతున్నాయి. లూయీ షెవ్రోలే అనే పందెగాడి కళ్ళద్దాలకు రాయి తగిలి, అద్దం పగిలి, కాసేపు చూపే పోయింది. తర్వాత ఇతని పేరుతోనే షెవ్రోలే కార్ల కంపెనీ వచ్చింది. ఆ రోజే బోర్క్ అనే ఆయన, పక్కన కూర్చున్న మెకానిక్ హోల్కంబ్, కారు తిరగబడి చనిపోయారు. పందేల్ని పర్యవేక్షించే సంఘంవాళ్ళు బాట మూసేసి, మిగతావన్నీ రద్దు చేద్దామనుకున్నారు. ఫిషర్ బతిమాలి, తెల్లారేసరికి బాగుచేయిస్తానని మాటిచ్చి ఒప్పించాడు. రెండో రోజు పెద్ద ప్రమాదం లేకుండా గడిచింది. మూడో రోజు, ఆగస్టు 21న, 35,000 మంది చూడ్డానికి వచ్చారు. 300 మైళ్ళ పందెం. 175 మైళ్ళ దగ్గర చార్లీ మెర్జ్ కారు ముందు టైరు పేలింది. కారు కంచె తెంచుకుని జనంలోకి పోయింది. చూసేవాళ్ళు ఇద్దరు, అతని మెకానిక్ కెల్లం, ముగ్గురూ పోయారు. ఇంకో పది చుట్లకు మరో కారు గుంతలో పడి వంతెన స్తంభాన్ని గుద్దింది. అప్పుడు పందెం ఆపారు. మూడు రోజుల్లో అయిదు ప్రాణాలు.

ఈ భాగం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. ఇది ఇంతవరకూ కాగితం మీద పెట్టలేదు.

1985 వేసవిలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరుని. ఏ జిల్లా అన్నది అనవసరం. ఒక వంతెనకి అప్రోచ్ రోడ్డు వేస్తున్నాం. పెద్దమనిషి ఎవరో ప్రారంభోత్సవానికి వస్తున్నారని తేదీ ముందే ఖాయమైంది. తారు పోసి, చిప్స్ చల్లి, రోలరు తిప్పింది ముందు రోజు సాయంత్రం. వదులుగా వున్న చిప్స్ వూడ్చెయ్యాలి, రెండు మూడు రోజులు బళ్ళని మెల్లగా పోనివ్వాలి. అది మన పుస్తకాల్లో వుంది, మా మాస్టారు క్లాసులో చెప్పారు, పరీక్షలో నేను రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా తెరవొచ్చని సంతకం పెట్టమంటే పెట్టాను. దండలు, ఫోటోలు అన్నీ అయ్యాయి. మర్నాడు పొద్దున్న బస్సొకటి జోరుగా పోతే, చక్రం కింది రాయి లేచి, టీకొట్టు బల్ల మీద కూర్చున్న కుర్రాడి కంటికి తగిలింది. పదకొండేళ్ళుంటాయేమో. ఆ కన్ను పోయింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. రోడ్డన్నాక రాళ్ళు లేవవా అన్నట్టు అందరూ వూరుకున్నారు. ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకుని వెళ్ళాను. కుర్రాడి తండ్రి, సారు ఎంత మంచివారోనని నాకు దణ్ణం పెట్టాడు. నేనెవరో చెప్పకుండా వచ్చేశాను.

అందుకే ఫిషర్ మీద తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు. అతను చేసిన తప్పేమిటో నాకు బాగా తెలుసు. ఆ తర్వాత అతనేం చేశాడన్నదే నేను ఆత్రంగా చదివాను.

పర్యవేక్షక సంఘం ఆ మైదానాన్ని బాగుచేస్తే తప్ప ఇక అక్కడి పందేలకు ఒప్పుకోమంది. ఫిషర్, మిగతా ముగ్గురూ ఆలోచించారు. పైపైన తారు పూసి సరిపెట్టడం ఒక దారి. కాంక్రీటు ఇంకో దారి. ఆ కాలంలో అమెరికా వూళ్ళలో మంచి వీధులకు గట్టిగా కాల్చిన ఇటుకలు పరిచేవారు. వాళ్ళు ఆ ఇటుకలే ఎంచుకున్నారు. కొద్ది జాగాలో పరిచి, కార్లను జోరుగా తిప్పి, చక్రాలు జారుతున్నాయా, ఇటుక లేస్తోందా అని పరీక్షించి చూశాకే ఒప్పుకున్నారు. మార్చిలో చేయాల్సిన పరీక్ష అది. అయిదుగురు పోయాక చేశారు. సరే, చేశారు.

32 లక్షల ఇటుకలు. ఒక్కోటి తొమ్మిదిన్నర పౌండ్లు, అంటే నాలుగు కిలోల పైచిలుకు. మన ఇళ్ళకు వాడే ఇటుక కన్నా చాలా బరువు. మొత్తం లెక్కేస్తే దాదాపు 13,800 టన్నులు. ఇండియానా రాష్ట్రంలోనే అయిదు కంపెనీలు కాల్చి పంపాయి. కింద రెండంగుళాల ఇసుక పరిచి, దానిమీద ఇటుకలు చేత్తో పేర్చి, చదును చేసి, సందుల్లో మోర్టారు నింపారు. ఇదంతా 63 రోజుల్లో. రోజుకు సుమారు యాభై వేల ఇటుకలన్నమాట. ఒక్కో ఇటుకా వంగిన మనిషి చేతిమీదుగానే నేలకి చేరింది. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. జనం కూర్చునే వైపూ, మూలల్లోనూ 33 అంగుళాల ఎత్తు కాంక్రీటు గోడ కట్టారు. చివరి ఇటుకకు బంగారు రంగు పూత పూయించి గవర్నరు చేత పెట్టించారు. తాడుమీద సైకిల్ తొక్కినవాడు ఆ మాత్రం హంగు చేయకుండా వుంటాడా! ఈ గొడవలో పడి, ఆ అక్టోబరులోనే, ముప్పై అయిదేళ్ళ ఫిషర్ పదిహేనేళ్ళ జేన్ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. అప్పటికే ఇంకొకావిడతో పెళ్ళి ఖాయమై వుంది. ఆవిడ కోర్టుకెక్కింది. అతని జీవితంలో నేను మెచ్చుకోలేని సంగతులు చాలా వున్నాయి, ఇదొకటి.

1910లో చాలా పందేలు పెట్టారు. ఎక్కువైతే అమృతమూ విషమే. వస్తూ వస్తూ జనం తగ్గారు. అప్పుడు యేడాదికి ఒక్కటే పందెం, పెద్దది, 500 మైళ్ళది అని నిర్ణయించారు. 1911 మే 30న మొదటిది జరిగింది. నలభై కార్లు. ఎనభై వేల మంది జనం. అన్ని కార్లనూ ఒక వరసలో నడిపించి, కదులుతుండగానే పందెం మొదలుపెట్టే పద్ధతికి ఆ రోజు ముందు కారు నడిపింది ఫిషరే. గెలిచింది రే హారోన్, పసుప్పచ్చ మార్మన్ కారులో. మిగతావాళ్ళంతా పక్కన మెకానిక్‌ని కూర్చోబెట్టుకుంటే, హారోన్ ఒక్కడే కూర్చుని, వెనక ఎవరొస్తున్నారో చూడ్డానికి ముందు ఒక అద్దం బిగించుకున్నాడు. ఈరోజు మీ బండికి వున్న అద్దానికి అలాంటివాళ్ళే ముత్తాతలు. 6 గంటల 42 నిమిషాలు పట్టింది. సగటున గంటకు 74.6 మైళ్ళు. ఆ రోజు కూడా ఒక మెకానిక్ ప్రాణం పోయింది. ఇటుకలు వేసినంత మాత్రాన చావు ఆ మైదానం వదిలిపోలేదు. కానీ బాట లేచిపోలేదు. 500 మైళ్ళు నిలబడింది.

ఇంకొకడైతే అక్కడితో తృప్తిపడేవాడు. ఫిషర్‌కి ఒకచోట కాలు నిలిచేది కాదు. మైదానంలో రోడ్డు బాగుంది, బయట బురద. 1912లో కార్ల కంపెనీల పెద్దల్ని విందుకు పిలిచి, న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా దేశం ఈ కొస నుంచి ఆ కొసకి రోడ్డు వేద్దామన్నాడు. హెన్రీ ఫోర్డు చందా ఇవ్వలేదు. రోడ్లు ప్రజల సొమ్ముతో ప్రభుత్వమే వేయాలన్నది ఆయన వాదన. ఇందులో ఫోర్డుదే న్యాయమని నాకనిపిస్తుంది. అయినా 1913లో ఆ బాటకు లింకన్ హైవే అని పేరు పెట్టి ప్రకటించారు. తర్వాత ఉత్తరాన్నుంచి ఫ్లోరిడాకు డిక్సీ హైవే. 1919లో అమెరికా సైన్యం లారీల బారు ఒకటి చాలాభాగం లింకన్ హైవే మీదుగానే దేశం దాటింది. బురదలో, విరిగిన వంతెనల మీద 62 రోజులు పట్టింది. అందులో వున్న ఐజెన్‌హోవర్ అనే కుర్ర ఆఫీసరు తర్వాత అధ్యక్షుడై 1956లో దేశమంతా పెద్ద రహదార్లు వేసే చట్టం తెచ్చాడు.

డిక్సీ హైవే చివర వున్నది మయామీ. అక్కడ కాలిన్స్ అనే ముసలాయన సముద్రపు పాయ మీద చెక్కవంతెన కడుతూ మధ్యలో డబ్బులైపోయి కూర్చుంటే, ఫిషర్ 50,000 డాలర్లు అప్పిచ్చి, 200 ఎకరాలు తీసుకున్నాడు. అదంతా మడ అడవి, దోమలు. చెట్లు కొట్టించి, సముద్రం అడుగునుంచి ఇసుక తోడి పోయించి, మయామీ బీచ్ అనే వూరు లేపాడు. ప్రచారానికి ఏనుగుపిల్లని తిప్పాడు. 1920 తర్వాత కొన్నేళ్ళు డబ్బు వరదలా వచ్చింది. ఆ ఇసుక మోసిన నల్లజాతి కూలీలకు అక్కడ ఇల్లు కొనుక్కునే హక్కు లేదు. యూదులకు కూడా చాలాచోట్ల అమ్మేవారు కారు. తనకు తోచినప్పుడు ఎవరితోనైనా పోట్లాడినవాడు, ఈ విషయంలో పోట్లాడలేదు.

1926 సెప్టెంబరులో తుఫాను మయామీని వూడ్చేసింది. అప్పటికే న్యూయార్కు దగ్గర మాంటాక్ అనే చోట వేల ఎకరాలు కొని అక్కడ ఇంకో మయామీ కడదామని మొదలుపెట్టి వున్నాడు. ఒకచోట కూలుతోంది, ఇంకోచోట అప్పు పెరుగుతోంది. జేన్‌తో విడాకులయ్యాయి. 1927లో ఫిషర్, భాగస్వాములూ కలిసి స్పీడ్‌వేని ఎడ్డీ రికెన్‌బాకర్ అనే యుద్ధవిమానాల వీరుడి బృందానికి అమ్మేశారు. 1929లో షేర్లు కుప్పకూలాయి. మాంటాక్ అప్పులవాళ్ళ పాలైంది. కోట్ల డాలర్ల ఆసామీ మయామీ బీచ్‌లో చిన్న ఇంట్లో బతికాడు. అయినా చేతులు వూరుకోలేదు. 1938లో కూడా కీ లార్గో అనే చోట, పెద్దగా డబ్బులేని వాళ్ళు చేపలు పట్టుకోవడానికి వచ్చే క్లబ్బు ఒకటి కట్టించాడు. 1939 జులై 15న పోయాడు. 65 యేళ్ళు.

అతను పోయేనాటికి ఇటుకలు కూడా కనుమరుగవుతున్నాయి. ఎండకీ మంచుకీ, టైర్ల రాపిడికీ ఎగుడుదిగుడైపోతే రికెన్‌బాకర్ మూలల్లో తారు వేయించాడు. 1930ల చివరికి స్టాండ్ల ముందు భాగం తప్ప దాదాపు అంతా తారే. తర్వాత యుద్ధం. 1942 నుంచి 1945 దాకా పందేల్లేవు. 1944 చివర్లో, మూడుసార్లు గెలిచిన విల్బర్ షా టైర్ల పరీక్షకోసం వచ్చి చూస్తే, బాట సందుల్లో గడ్డి మొలిచి, చెక్క స్టాండ్లు శిథిలమై కూలడానికి సిద్ధంగా వున్నాయి. అతను డబ్బున్నవాళ్ళ చుట్టూ తిరిగి, చివరికి టెరె హోట్ అనే వూళ్ళో బేకింగ్ పౌడరు వ్యాపారం చేసే టోనీ హల్మన్‌ని ఒప్పించాడు. 1945 నవంబరులో హల్మన్ కొని, ఆర్నెల్లలో బాగుచేయించి 1946 మేలో మళ్ళీ పందెం నడిపించాడు. 1961లో మిగిలిన ఇటుకల మీద కూడా తారు పరిచి, ఆ ఒక్క గజం వదిలారు. మిగతా ఇటుకల్లో చాలావరకు తారు కిందే వున్నాయి.

బాగుచేయడం మాత్రం ఆగలేదు. 2002లో మూలల్లో కాంక్రీటు గోడల ముందు ఉక్కు గొట్టాలూ నురుగు దిమ్మలూ అమర్చి, గుద్దుకున్న కారు దెబ్బని గోడే కొంత మింగేటట్టు చేశారు. దాన్ని రూపొందించింది నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఇంజనీర్లు. తర్వాత అమెరికాలో చాలా మైదానాలు దాన్నే అనుసరించాయి. కాలేజీ లాబ్‌లో చేసే పని ఎక్కడికి పోతుందిలే అనుకునే తమ్ముళ్ళకోసం ఇది రాశాను.

మనకి సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. 2000 నుంచి 2007 దాకా అక్కడ ఫార్ములా వన్ జరిగింది. 2005లో బాట పైపొర కొత్తగా వేసి, పట్టుకోసం సన్నటి గాళ్ళు కోశారు. ఏటవాలు మూలలో ఒక కంపెనీ టైర్లు ఆ రాపిడికి తట్టుకోలేవని శుక్రవారం తేలింది. జూన్ 19న పందెం మొదలయ్యే వేళకి ఆ టైర్లున్న 14 కార్లు పక్కకి తప్పుకున్నాయి. ఆరే మిగిలాయి. వాటిలో నాలుగో స్థానం మన కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్‌ది. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడికి పాయింట్లు రావడం అదే మొదలు. జనం తిట్టుకుంటూ సీసాలు విసిరారు. విసిరితే విసిరారు, ఆ 14 మంది ఇంటికి క్షేమంగా వెళ్ళారు. 1909లో ఆ పని ఎవరూ చేయలేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల పందెం జరిగినప్పుడు నేనూ వెళ్ళాను. అందరూ కార్లు చూస్తుంటే నేను రోడ్డు చూస్తూ నిలబడ్డాను. అలవాటు.

ఆ ఇండియానాపొలిస్ రోజున నేను వంగి ఇటుకల సందులు తడుముతుంటే, మావయ్యగారు కూడా ముద్దు పెట్టుకుంటున్నారనుకుని మా అల్లుడు ఫోటో తీశాడు. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే అతనే చెయ్యిచ్చి లేపాడు. ఆ ఫోటో మా అమ్మాయి ఇంట్లో గోడకి వుంది. అందులో నా మొహం కనబడదు. ఇటుకలూ, నా బట్టతలా కనబడతాయి.